మామ్మ ట్రంకుపెట్టెలో విదేశీ కవర్లు: స్టాంపులు ఊడదీసే పద్ధతి చెప్పండి

లంక_కుర్రాడు | 9 నవంబర్ 2025, ఉదయం 8:12

అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిదే మొదటి పోస్టు. మాది అమలాపురం దగ్గర ఊరు. మామ్మ పోయాక మొన్న అటక మీది ట్రంకుపెట్టె దించాం. చీరల అడుగున కొబ్బరితాడుతో కట్టిన కవర్ల కట్ట దొరికింది. లెక్కపెడితే 64. కొన్ని రంగూన్ నుంచి వచ్చినవి (మా ముత్తాత రంగంలో, అంటే రంగూన్‌లోనే, పనిచేశాడని ఇంట్లో చెప్తారు), మిగతావి తాతయ్యకి ఏవేవో దేశాల నుంచి వచ్చినవి.

నిన్న ఒక వీడియో చూసి బకెట్ గోరువెచ్చటి నీళ్ళలో 23 కవర్లు నానబెట్టాను. స్టాంపులు బాగానే ఊడాయి, పేపర్ మీద ఆరేశాను. కానీ నాలుగైదింటికి కవరు రంగు అంటుకుని ఎర్రగా అయిపోయాయి. మిగతా 41కి రంగు అంటకుండా ఏం చేయాలి? నీళ్ళలో ఉప్పు వేయాలా? కవర్లు పారేయొచ్చు కదా?

పాతకవర్ల_శాస్త్రి | 9 నవంబర్, ఉదయం 8:31

ఆగండి బాబూ, ఆగండి. ముందు ఆ బకెట్ పక్కన పెట్టండి. మిగతా 41 ముట్టుకోకండి. కవర్లు పారేశారా? ఇంకా ఇంట్లోనే ఉన్నాయా? అది చెప్పండి ముందు.

చార్మినార్_చిట్టి | 9 నవంబర్, ఉదయం 8:40

శాస్త్రిగారు ఇంత పొద్దున్నే రిప్లై ఇవ్వడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. విషయం సీరియస్ అన్నమాట.

ఆల్బమ్_అప్పారావు | 9 నవంబర్, ఉదయం 9:05

అంత భయపెట్టకండి శాస్త్రిగారూ. నేను నలభై ఏళ్ళుగా నానబెట్టి, ఊడదీసి, హింజులతో (జిగురు పూసిన చిన్న కాయితం ముక్కలు) అంటించినవాణ్ణే. నా ఆల్బమ్‌లో 90 దేశాలున్నాయి. బాబూ, ఎర్ర కవర్లు, ఊదా రంగు కవర్లు విడిగా చన్నీళ్ళలో నానబెట్టాలి. ఇప్పటి అమెరికా స్టిక్కర్ స్టాంపులైతే ఎంత నానబెట్టినా నీళ్ళకి ఊడవు, వాటిని చుట్టూ కాయితంతో సహా కత్తిరించుకోవడమే. తప్పేం చేయలేదు నువ్వు.

పాతకవర్ల_శాస్త్రి | 9 నవంబర్, ఉదయం 9:48

అప్పారావుగారూ, మీ ఆల్బమ్ అంటే నాకు గౌరవమే. స్కూల్ పిల్లలకి అది చాలు. కానీ ఈ అబ్బాయి చేతిలో ఉన్నది రంగూన్ కట్ట. అక్కడ మీ పద్ధతి పనికిరాదు, ఎందుకో చెప్తాను.

1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. అక్కడ వాడినవి మన ఇండియా స్టాంపులే. ఐదో జార్జి బొమ్మ ఉన్న అణా స్టాంపు కాకినాడలో కొన్నా, రంగూన్‌లో కొన్నా ఒకటే. ఊడదీసి ఆల్బమ్‌లో పెడితే అది కోట్లల్లో అచ్చయిన ఒక మామూలు అణా స్టాంపు. కవరు మీద ఉంటే మాత్రం రంగూన్‌లో ఏ తేదీన పడింది, ఏ రేవులో దిగింది, ఏ పోస్టాఫీసు చేతులు మారింది, ఎవరికి చేరింది, అన్నీ తెలుస్తాయి. సంగతంతా ముద్రల్లో ఉంటుంది, సగం ముద్ర స్టాంపు మీద పడితే సగం కాయితం మీద పడుతుంది. నానబెట్టినప్పుడు మీరు ముద్రని రెండు ముక్కలు చేశారు.

ఏప్రిల్ 1937లో బర్మా విడిపోయాక అవే ఇండియా స్టాంపుల మీద నల్ల సిరాతో ‘బర్మా’ అని అచ్చొత్తి అమ్మారు. బర్మా పేరుతో విడిగా వేసిన ఆరో జార్జి స్టాంపులు 1938లో వచ్చాయి. 1942లో జపాన్ వాళ్ళొచ్చాక పాత స్టాంపుల మీద నెమలి బొమ్మ కొట్టారు. ఆ నెమళ్ళకి దొంగ ముద్రలు చాలా ఉన్నాయి, మీ కట్టలో కనిపిస్తే వెంటనే సంబరపడిపోకండి.

ఒక రంగూన్ కవరు ముందూ వెనకా ఫొటో తీసి పెట్టండి.

అడ్మిన్_వైజాగ్ | 9 నవంబర్, ఉదయం 10:10

ఫొటోలు పెట్టేవాళ్ళు బతికున్నవారి చిరునామాలు, ఫోన్ నంబర్లు కనిపిస్తే తెల్లకాయితం ముక్క అడ్డం పెట్టి తీయండి. పోయినసారి ఒక సభ్యుడి మేనమామ ఇంటి నంబరు చూసి పాత స్టాంపులు కొంటామని ఎవరో ఇంటికే వెళ్ళారు.

లంక_కుర్రాడు | 9 నవంబర్, మధ్యాహ్నం 1:25

కవర్లు పారేయలేదండీ, బతికిపోయాను. అమ్మ వాటిని పెరట్లో కొబ్బరి పీచు పక్కన ఆరబెట్టింది, నీళ్ళపొయ్యి రాజేయడానికి పనికొస్తాయని. ఐదు ఈ పొద్దున స్నానాలకి కాలిపోయాయి. మిగతా 18 తెచ్చి మంచం మీద పరిచాను.

నానబెట్టని వాటిలో ఒకటి ఫొటో పెట్టాను. చిన్న గోధుమరంగు కవరు. చాక్లెట్ రంగు అణా స్టాంపు, దాని మీద గుండ్రటి ముద్ర, రంగూన్, 3 ఫిబ్రవరి 1936. చిరునామా తెలుగులోనే రాశారు, కింద గొలుసుకట్టు ఇంగ్లీషులో తూర్పు గోదావరి జిల్లా అని ఉంది. వెనక రెండు ముద్రలు. ఒకటి ఇంగ్లీషులో ‘కోకనాడ’, తేదీ అలికిపోయింది. ఇంకోటి అమలాపురం, 11 ఫిబ్రవరి. కవరు అంటించిన చోట సన్నగా పసుపు మరక ఉంది. పసుపేనా, జిగురు రంగు మారిందా తెలియట్లేదు.

పాతకవర్ల_శాస్త్రి | 9 నవంబర్, మధ్యాహ్నం 2:02

కోకనాడ అంటే మన కాకినాడే, అప్పటి స్పెల్లింగ్. రంగూన్ నుంచి స్టీమర్లు అక్కడికి వచ్చేవి. 8 రోజుల్లో రంగం నుంచి మీ గోదావరి లంకకి ఉత్తరం! ఇప్పుడు మా అబ్బాయి అట్లాంటా నుంచి పంపిన గ్రీటింగ్ కార్డు 26 రోజులకి వచ్చింది.

ఆ మరక జోలికి పోకండి. తుడవకండి, ఎండలో పెట్టకండి.

ఆల్బమ్_అప్పారావు | 9 నవంబర్, మధ్యాహ్నం 2:30

సరే, ఈ కవరు విషయంలో ఒప్పుకుంటున్నా. ఊడదీయకు బాబూ.

(కానీ తాతయ్యకి హంగరీ నుంచి వచ్చిన మామూలు కవర్లు నానబెడితే కొంపలేం మునగవని ఇప్పటికీ నా అభిప్రాయం.)

షార్ట్‌వేవ్_మావయ్య | 9 నవంబర్, రాత్రి 9:15

హంగరీ మామూలుదా? అప్పారావూ, నీతో నాకిది పాత గొడవే.

లంక కుర్రాడూ, మీ తాతయ్యకి ‘ఏవేవో దేశాల నుంచి’ వచ్చినవి అన్నావు. కవర్ల మీద పంపినవాళ్ళ చోట రేడియో పేర్లు ఉన్నాయేమో చూడు. 1970ల్లో, 80ల్లో మన ఊళ్ళలో మాలాంటి పిచ్చివాళ్ళుండేవాళ్ళం. రాత్రి పదింటికి ట్రాన్సిస్టర్ పట్టుకుని మేడమీద కూర్చుని షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పడమే పని. ఈక్వెడార్‌లోని క్విటో నుంచి హెచ్‌సీజేబీ, కొలోన్ నుంచి జర్మన్ రేడియో, హిల్వర్సమ్ నుంచి డచ్ రేడియో, టోక్యో, మాస్కో, బుడాపెస్ట్, టిరానా. ఏ రోజు, ఏ టైముకి, ఏ మీటర్ బ్యాండులో, ఏ కార్యక్రమం విన్నామో రాసి, సిగ్నల్ ఎలా ఉందో ఐదంకెల్లో మార్కులు వేసి పంపేవాళ్ళం. 45444 అంటే బాగానే వినపడిందని. అది సరిపోలితే వాళ్ళు క్యూఎస్ఎల్ కార్డు పంపేవాళ్ళు, ‘నువ్వు విన్నది మమ్మల్నే’ అని ఒప్పుకుంటూ. కార్డుతో పాటు కార్యక్రమాల పట్టిక, క్యాలెండరు, అదృష్టం బాగుంటే చిన్న జెండా.

నాకు కార్డు కంటే కవరే ముఖ్యం. క్విటో కవరు వస్తే ఆ రోజు అన్నం సహించేది కాదు. ఆండీస్ కొండల్లోంచి మా తెనాలి వీధికి! జర్మనీ నుంచి వచ్చినవి చాలావరకు ఉసూరుమనిపించేవి, స్టాంపు ఉండదు, ఎర్రటి మెషీన్ ముద్రే. అప్పట్లో అవి చింపి పారేశాను. ఇప్పుడు వాటినీ వెతుక్కుంటున్నాను, మెషీన్ ముద్ర పక్కన ఏదో ఒక నినాదం ఉండేది, పండగో, ఎగ్జిబిషనో. అవి దొరకడం లేదు.

ఇంకో బాధ. కొన్ని కవర్లు నా చేతికి వచ్చేసరికి స్టాంపు ఉన్న మూల కత్తెరతో కోసేసి ఉండేది. దారిలో ఎవరికో నాలాంటి పిచ్చే. ఎవరని అడగను? ఓ మూల లేకుండా అల్బేనియా కవరు నా దగ్గర ఇప్పటికీ ఉంది, టిరానా ముద్రలో చివరి తోక మాత్రం మిగిలింది.

చార్మినార్_చిట్టి | 9 నవంబర్, రాత్రి 9:40

మావయ్యా, చిన్నప్పుడు నేను ‘మగ్యార్’ ఒక దేశం, ‘హంగరీ’ ఇంకో దేశం అనుకుని ఆల్బమ్‌లో రెండు పేజీలు కేటాయించాను. హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్ అని ఇంటర్‌లో తెలిసింది. సోవియట్ స్టాంపుల మీది నాలుగక్షరాలు సీసీసీపీ అని చదివేదాన్ని, అది రష్యన్ లిపిలో ఎస్ఎస్ఎస్ఆర్ అని మా సార్ చెప్పాడు. ఏ పేరూ లేని రాణి బొమ్మ స్టాంపులు దేశం తెలియనివి అని ఒక కవర్లో పెట్టి మూల పడేశాను. బ్రిటన్ వాళ్ళు మొదట వేశారు కాబట్టి (1840) ఇప్పటికీ దేశం పేరు వేయరంట. ఎంత పొగరు!

కడప_కువైట్ | 10 నవంబర్, ఉదయం 6:50

అందరూ రంగూన్, క్విటో అంటున్నారు గానీ మా రాయచోటి వైపు విదేశీ కవరంటే కువైట్‌దే. మా నాయన 1983లో పోయినాడు. చిరునామాలో వీధి పేరు ఉండదు, కంపెనీ పోస్ట్ బాక్స్ నంబరే. అక్కడ ఇంటికి ఉత్తరాలు తెచ్చిచ్చేది లేదు.

తమాషా ఏంటంటే మా ఇంట్లోని ‘కువైట్ ఉత్తరాలు’ సగానికి పైగా ఇండియా స్టాంపులతోనే ఉంటాయి. ఎవరన్నా ఇంటికొస్తుంటే నాయన ఉత్తరాలు, క్యాసెట్లు చేతికిచ్చి పంపేవాడు. ఆ మనిషి బొంబాయిలో దిగి, అక్కడే స్టాంపు అంటించి డబ్బాలో వేసేవాడు. లోపల కువైట్ తేదీ, పైన బొంబాయి ముద్ర. స్టాంపుల వాళ్ళకి చూపిస్తే ‘ఇది విదేశీ కవరు కాదు’ అన్నారు. మాకు మాత్రం అదే కువైట్.

1990 ఆగస్టు 2న ఇరాక్ వాళ్ళు వచ్చినాక మూడు నెలలు ఒక్క ముక్క రాలేదు. మా అమ్మ రోజూ పోస్టుమాన్ సైకిల్ బెల్లు వింటే వాకిట్లోకి పోయేది. అప్పుడొచ్చింది ఒకటి, జోర్డాన్ స్టాంపుతో. లక్షా డెబ్భై వేల మందిని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు కదా, ఆ క్యాంపులో వంతు కోసం కాచుకుంటా రాసినాడు. ఉత్తరం కంటే ముందే మనిషి ఇంటికొచ్చేసినాడు! వచ్చిన ఉత్తరాన్ని ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు. ‘నేను క్షేమం, త్వరలో వస్తా’ అని ఆయనే చదివి వినిపిస్తే అమ్మ నవ్వి ఏడ్చింది.

పాతకవర్ల_శాస్త్రి | 10 నవంబర్, ఉదయం 7:30

ఆ అమ్మాన్ కవరుని లామినేషన్ మాత్రం చేయించకండి, మీకు దణ్ణం పెడతా.

కడప_కువైట్ | 10 నవంబర్, ఉదయం 7:34

2011లోనే చేయించినా సార్.

పాతకవర్ల_శాస్త్రి | 10 నవంబర్, ఉదయం 7:41

సరే. అయింది అయింది. విప్పే ప్రయత్నం చేయకండి, వేడి తగిలిస్తే సిరా పోతుంది. దాన్నలాగే చీకట్లో, చల్లటి చోట ఉంచండి. లోపలి ఉత్తరం విడిగా ఉంది కదా, అది బతికింది.

అందరూ అడగకముందే చెప్తున్నా. సెల్లో టేప్ వద్దు, నా దగ్గర 1970ల నాటి కవర్లు టేపు వేసిన చోట తేనెరంగు చారలై కూర్చున్నాయి. రబ్బరు బ్యాండ్లు వేసవిలో కరిగి అంటుకుంటాయి. గుండు పిన్నులు, స్టేపుల్ పిన్నులు తుప్పు. బట్టల షాపుల్లో ఇచ్చే మెత్తటి ప్లాస్టిక్ సంచుల వాసన ముక్కుకి తగిలితే అది కాయితానికి విషం. గోదావరి జిల్లాల్లో, వైజాగ్‌లో చెమ్మ ఎక్కువ కాబట్టి మందుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు దాచి పెట్టెలో వేయండి. ఏడాదికోసారి బయటికి తీసి నీడలో గాలి పట్టిస్తే సిల్వర్ ఫిష్ పురుగు చేరదు. మా ఆవిడ వేపాకు వేస్తుంది. దానివల్ల పురుగు పోతుందో లేదో గానీ మరక మాత్రం పడుతుంది.

లంక_కుర్రాడు | 16 నవంబర్, సాయంత్రం 5:10

వారం పట్టింది. 18 తడి కవర్లలో 15కి వాటి స్టాంపులు దొరికాయి. శాస్త్రిగారు చెప్పినట్టే ముద్రల సగాలు కలిపి చూశాను. ఒక స్టాంపు మీద ‘రంగ్’ వరకు, కవరు మీద మిగతా ‘ఊన్’. నేలమీద పడుకుని భూతద్దంతో చూస్తుంటే చెల్లి నవ్వింది. మిగిలిన మూడింటికి ముద్ర పూర్తిగా అలికిపోయింది, ఏ స్టాంపు దేనిదో తెలియదు. మళ్ళీ అంటించేయనా?

ఆఖరి రంగూన్ కవరు నవంబర్ 1941ది. దాని తర్వాత ఏమీ లేదు. డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయని చదివాను. అమ్మని అడిగితే ముత్తాత నడుచుకుంటూ వచ్చాడని మాత్రం తెలుసంది.

పాతకవర్ల_శాస్త్రి | 16 నవంబర్, సాయంత్రం 6:00

అంటించవద్దు. మళ్ళీ జిగురు పూస్తే అది నకిలీ పని కిందకి వస్తుంది. స్టాంపునీ కవరునీ ఒకే తొడుగులో పెట్టి, ‘2025లో నానబెట్టడం వల్ల విడిపోయింది’ అని పెన్సిల్‌తో చీటీ రాసి పెట్టండి.

తడిసిన కవరని చిన్నచూపు వద్దు. 1950 నవంబర్ 3న ఎయిర్ ఇండియా ‘మలబార్ ప్రిన్సెస్’ ఫ్రాన్స్‌లో మోబ్లా (మాంట్ బ్లాంక్) కొండని గుద్దుకుని 48 మంది పోయారు. దాంట్లోని ఉత్తరాలు దశాబ్దాల తర్వాత మంచులోంచి బయటపడ్డాయి. సిరా కారి, చిరునామా సగం చెరిగిన ఆ కవర్ల కోసం ప్రపంచమంతా వెతుకుతారు. మీ బకెట్ ప్రమాదం అంతటిది కాదనుకోండి.

దూరద్వీపం | 16 నవంబర్, రాత్రి 10:20

నాదొక తప్పు చెప్తాను, కొత్తవాళ్ళకి పనికొస్తుంది. దక్షిణ అట్లాంటిక్‌లో ట్రిస్టన్ డా కున్యా అనే దీవి ఉంది, విమానం పోదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం. 1961లో అగ్నిపర్వతం పేలితే జనం మొత్తాన్ని ఇంగ్లండ్ తరలించారు. చాలామందికి అక్కడ నచ్చక 1963లో వెనక్కి వచ్చేశారు. ఆ ఊరి పేరు ‘సప్తసముద్రాల ఎడిన్‌బరో’. ఉత్తరాలు స్కాట్లండ్ ఎడిన్‌బరోకి పోతున్నాయని 2005లో వాళ్ళకి బ్రిటిష్ పోస్ట్‌కోడ్ ఇచ్చారు.

అక్కడి ముద్ర కావాలని ఉత్తరం రాసి, లోపల నా చిరునామా రాసిన కవరు పెట్టాను. తిరుగు టపాకి ఖర్చు మనమే పెట్టుకోవాలని పెద్దమనిషిలాగా దాని మీద ఇండియా స్టాంపులు అంటించి పంపాను! ఏ దేశంలో డబ్బాలో వేస్తే ఆ దేశం స్టాంపే చెల్లుతుందని ఇంజనీరింగ్ చదివినవాడికి తట్టలేదు. రెండేళ్ళు ఎదురుచూశాను.

ఇలాంటి దానికే అంతర్జాతీయ తపాలా సంఘం 1907లో రిప్లై కూపన్లు తెచ్చింది. కూపన్ అవతలి దేశంలో ఇస్తే వాళ్ళ స్టాంపు ఇస్తారు. ఒక దేశంలో చవగ్గా కొని ఇంకో దేశంలో మార్చి లాభం తీస్తానని 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ జనాన్ని ముంచింది ఈ కూపన్ల పేరు చెప్పే. మన ఊళ్ళలో రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసే వాళ్ళందరికీ మూలపురుషుడు స్టాంపుల మనిషే అన్నమాట.

షార్ట్‌వేవ్_మావయ్య | 17 నవంబర్, ఉదయం 7:00

అంత దూరం ఎందుకు, అంటార్కిటికాలో మన పోస్టాఫీసే ఉంది. 1984లో అక్కడి మన పరిశోధన స్టేషన్ దక్షిణ గంగోత్రిలో పెట్టారు, అది మంచులో కూరుకుపోతే మైత్రి స్టేషన్‌కి మార్చారు, 2024లో భారతి స్టేషన్‌లో ఇంకోటి తెరిచారు. లెక్కకి గోవా డివిజన్ కింద ఉంటాయి. పరిశోధకులు వెళ్ళేటప్పుడు కవర్లు పట్టుకెళ్ళి ముద్ర కొట్టించి తెస్తారు. స్టాంపు ఇండియాదే, ముద్ర మాత్రం మంచుఖండానిది. ఇది విదేశీ కవరా, స్వదేశీ కవరా? అప్పారావూ, నీ ఆల్బమ్‌లో ఏ పేజీలో పెడతావు?

ఆల్బమ్_అప్పారావు | 17 నవంబర్, ఉదయం 7:45

కవరు నువ్వు ఇప్పించు, పేజీ నేను చూసుకుంటా.

ఆర్హుస్_అమ్మాయి | 30 నవంబర్, రాత్రి 11:30

డెన్మార్క్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ప్రభుత్వ పోస్టు ఈ డిసెంబర్ 30తో ఉత్తరాల బట్వాడా ఆపేస్తోంది. 1624లో మొదలైన టపా, 400 ఏళ్ళ పైమాట. 2000 నుంచి ఉత్తరాలు 90 శాతానికి పైగా పడిపోయాయట. 1,500 ఎర్ర డబ్బాలు జూన్ నుంచి ఒక్కొక్కటీ పీకేస్తున్నారు, మా వీధి చివర డబ్బా ఉన్నచోట ఇప్పుడు నాలుగు బోల్టులు మిగిలాయి. ప్రైవేటు కంపెనీ ఒకటి ఉత్తరాలు తీసుకుంటుంది గానీ ఇది అది కాదు కదా.

నా దగ్గర కొన్ని స్టాంపులున్నాయి. ఎవరికైనా ఆఖరి రోజుల డేనిష్ కవరు కావాలంటే చిరునామా మెసేజ్ చేయండి, ఈ వారంలో వేసేస్తాను. ఆరుగురికి మించి కుదరదు.

చార్మినార్_చిట్టి | 30 నవంబర్, రాత్రి 11:32

నేను! నేను!

పాతకవర్ల_శాస్త్రి | 1 డిసెంబర్, ఉదయం 5:15

అమ్మా, మెసేజ్ పెట్టాను. ఒక్కటే విన్నపం. స్టాంపు కుడి మూలకి మరీ అంచుకి అంటించకు, ముద్ర పూర్తిగా పడేలా చుట్టూ కాస్త ఖాళీ వదులు.

లంక_కుర్రాడు | 1 డిసెంబర్, ఉదయం 8:00

నాక్కూడా ఒకటండీ. మొదటిసారి నా పేరు మీద విదేశీ కవరు వస్తుంది. వస్తే నీళ్ళలో వేయనని అందరిముందూ మాట ఇస్తున్నా.

లంక_కుర్రాడు | 7 జనవరి 2026, మధ్యాహ్నం 12:40

వచ్చింది! పోస్టుమాన్ గారు ‘ఎవర్రా నీకు డెన్మార్క్‌లో’ అని అడిగి మరీ ఇచ్చారు, అమ్మ కాఫీ ఇచ్చింది. మంచి తెల్ల కవరు, అక్క చేతిరాత ముత్యాల్లా ఉంది, స్టాంపు చుట్టూ వేలెడంత ఖాళీ వదిలింది.

కానీ ముద్ర లేదు. ముందూ లేదు, వెనకా లేదు. దారిలో ఎక్కడో, ఎవరో, నీలం బాల్‌పెన్‌తో స్టాంపుకి అడ్డంగా ఒక గీత గీశారు. ఫొటో పెట్టాను. ఇప్పుడేం చేయమంటారు? చెరిపితే పోతుందా?

పాతకవర్ల_శాస్త్రి | 7 జనవరి, మధ్యాహ్నం 12:44

ముట్టుకోకండి!! నాకూ అదే గీత, అదే నీలం. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూడాలి, ఒకే చేతిదిలాగా ఉంది.